సున్నా క్రాస్

పళ్ళతో కొరికి తొడుగు ఊడదీస్తే
ఎనిమిది తీగలు.
నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం,
నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ.
దూరవాణినగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు
టెలిఫోన్ల కడుపులు కుట్టిన వేళ్ళివి.
ఈ వరస మాత్రం పాలచీటీ వెనక రాసుకుని
చూసి చూసి పెట్టాయి.

అటక మీద రికార్డరు నిమిషానికోసారి కీచుమంటోంది.
"అదేమిటండీ, పిల్లికూనా?" కింద నుంచి వేదవతి.
నెట్టు దొరకలేదని ఏడుస్తోంది, అన్నాను.
"అయితే పాలు పట్టండి."

హొరమావులో పోయిన నెల
మా మోటారు మూత పోయింది, రెండు ఇత్తడి కుళాయిలు పోయాయి,
వీధి చివర శివలింగేగౌడగారి సిలిండరు, నిండుది, పోయింది.
అందుకే ఎస్పీ రోడ్డులో గంటసేపు బేరమాడి తెచ్చాను
నాలుగు కళ్ళు, ఒక పెట్టె, తొంభై మీటర్ల తీగ.
బిగించడానికి కుర్రాణ్ణి పంపుతానన్నాడు కొట్టాయన.
టెలిఫోన్లు చేసినవాడికి ఇదొక లెక్కా, అన్నాను.
ఆ మాట అని మూడు రోజులైంది.

తీగ కలిసింది. పచ్చదీపం వెలిగింది.
ఫోనులోకి బొమ్మ రాలేదు.

పైవాటాలో అద్దెకుండే తబస్సుమ్
ఆఫీసుకు పోతూ, హెల్మెట్ తియ్యకుండానే, తెర వంక చూసింది.
"అంకుల్, మీ రౌటరు నంబర్లో మూడో అంకె సున్నా.
పెట్టెది ఒకటి. రెండూ వేరే క్రాసుల్లో ఉన్నాయి,
గోడకి గోడ తగిలినా పలకరించుకోవు."
సున్నా క్రాసు ఏ లేఔట్లో ఉందమ్మా, అంటే
నవ్వి స్కూటరు తీసింది.

పక్కసైటులో లేస్తున్న నాలుగంతస్తులకి హనుమప్ప కాపలా.
యాదగిరి వైపు మనిషి. రేకుల షెడ్డుకీ మా ప్రహరీకీ మధ్య జానెడు.
రెండేళ్ళలో నేను అతనితో అన్న మాటలు:
ఇసుక. నీళ్ళు. లారీ తియ్యి.

ఒకటి చెరిపి సున్నా కొట్టాను.
పెట్టె ఆరిపోయి, ఆలోచించి, మళ్ళీ లేచింది.
రెండువేల సంవత్సరం జనవరి ఒకటి అని పట్టుబట్టిన తేదీ
ఒక్క గెంతులో ఇవాళ్టికొచ్చి పడింది.
కీచుమనడం ఆగింది.
మా ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉందా!

ఫోనులో నాలుగు కిటికీలు.
గేటు.
మెట్లు.
డాబా మీద వేదవతి చీర, గాలికి కెమెరాని కొడుతూ.
నాలుగోది వీధిని చూడాలి. కోణం కాస్త ఎక్కువైంది:
మూడు వైపులా నీలం పట్టా కట్టిన చోటు,
నాలుగో వైపుకి మా గోడే చాలనుకున్నారు. పైన ఆకాశం.
ఒక బకెట్టు. రాయి మీద సబ్బుబిళ్ళ.
చెంబు పట్టుకుని వస్తోంది దుర్గవ్వ.

ఫోను బోర్లా పెట్టాను.
"వచ్చిందా బొమ్మ?"
వచ్చింది. కాసేపు చూడొద్దు.

నిచ్చెనెక్కి తిప్పబోతే మర కదల్లేదు,
నా బిగింపే అరగ్గొట్టింది దాన్ని.
మెనూలన్నీ గాలించి ఒక నల్లపలక పట్టుకున్నాను.
వేలితో నాలుగు మూలలు లాగి
ఆ చోటు మీద కప్పాను.
ఇకమీదట పెట్టె కూడా అటు చూడదట.
మరి ఈ మూడు రోజులు చూసింది?
ఆ ముక్క ఒక్కటే చెరపడం నాకు రాదు, మొత్తం చెరిపెయ్యనా, అనడిగింది.
చెరిపెయ్యమన్నాను.

సాయంత్రం గోడ దగ్గర హనుమప్పని పిలిచాను.
పైన కూడా ఏదైనా కప్పుకోండి, అని చెప్దామని.
నోట్లోంచి మాత్రం
"నీరు బర్తిదెయా?" అని వచ్చింది.
బరత్తె సార్, అన్నాడు. ఆగి,
మిగిలిన తీగ ఉంటే ఇస్తారా, అన్నాడు.
నలభై మీటర్ల చుట్ట అట్లాగే ఇచ్చేశాను.

రాత్రి పదకొండింటికి నిద్ర పట్టక చూశాను.
గేటు. మెట్లు. డాబా.
నాలుగో కిటికీలో నల్లపలక పక్కనుంచి
షెడ్డు మూల నుంచి కడ్డీ దాకా సాగిన మా తీగ,
దాని మీద తడి చీర.
లోపల ఎనిమిది రంగులు
ఎవరి కబురూ లేకుండా ఊగుతున్నాయి.